గుమాస్తా కబుర్లు: ఏ కొండ కాఫీ?

పోయిన నెల ఈ పుటలో గోనెసంచుల సంగతి రాసినందుకు హోసూరునుంచి ఒక సోదరి ఉత్తరం రాస్తూ, "మీకు బరువులూ బస్తాలూ తప్ప మరేమీ తోచవా?" అని అడిగారు. లారీ ఆఫీసు గుమాస్తాకు బస్తాలు కాక వెన్నెల తోస్తుందా, అమ్మా! అయినా ఆవిడ మాట కాదనలేక ఈ నెల కాస్త సువాసన గల బస్తానే విప్పుతున్నాను. కాఫీ బస్తా.

దీనికంతటికీ మూలం మా అమ్మ. ఆవిడకు 76 ఏళ్లు. తెల్లవారి అయిదింటికి ఒకటి, స్నానమయ్యాక ఒకటి, పదకొండుకు ఒకటి, మూడింటికి ఒకటి, దీపాలు పెట్టాక ఒకటి, ఇదీ ఆవిడ నిత్యవిధి. చుట్టాలు వస్తే వాళ్లకు తోడుపోవడానికని ఆరోది. శ్రావణమాసంలో ఒక రాత్రి గుండె దడదడమంటున్నదని లేచి కూర్చుంది. మరునాడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పరీక్షలన్నీ చేసి, ఇప్పటికి భయపడవలసిందేమీ లేదు గాని నాడి నిలకడగా లేదనీ, మాత్రలు తప్పకుండా వేసుకోవాలనీ, కాఫీ రోజుకు ఒక్క కప్పుకు మించరాదనీ చెప్పారు. అమ్మ అక్కడ కిక్కురుమనలేదు. ఆటో ఎక్కి మూడు వీధులు దాటాక నోరు విప్పింది.

"ఒక్కటే అయితే ఆ ఒక్కటీ కాఫీగా ఉండాల గదరా. నువ్వు తెచ్చే ఆ బురద కాదు."

ఇరవై ఏళ్లుగా నేను తెస్తున్నది బురద అని ఆనాడు తెలిసింది. అయిదు కప్పులున్నప్పుడు ఒకటి బాగులేకపోయినా తరువాతిది ఉందిలే అనుకునేదట. ఇప్పుడు ఆ తరువాతిది లేదు గనుక ఖచ్చితంగా చెప్పవలసి వచ్చిందట.

పాఠకులకు మరొక సంగతి కూడా చెప్పాలి. మా కుటుంబాలు చిత్తూరు సీమనుంచి ఏనాడో మైసూరు రాజ్యానికి వచ్చినవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మా అమ్మ తండ్రి, అంటే మా తాత, చిక్కమగళూరు జిల్లాలో మూడిగెరె వైపు ఒక కాఫీ తోటలో రైటరు పని చేశాడు. రైటరంటే కథలు రాసేవాడు కాదు. పొద్దున్నే చెక్‌రోలు పట్టుకుని కూలీల పేర్లు పిలిచి హాజరు వేసేవాడు. గుమాస్తాగిరీ నాకు తల్లివైపునుంచి వచ్చిన ఆస్తి అన్నమాట. అమ్మ పెళ్లయి బెంగళూరు వచ్చేదాకా ఆ తోటలోనే పెరిగింది. అటువంటి మనిషికి పేటలో మూడోవీధి అంగడి పొడి తెచ్చి పోస్తున్నాను ఇన్నాళ్లూ.

సరే, మంచి కాఫీ కొందామని బయలుదేరాను. ఈమధ్య అంగళ్లలో కొత్త మాట ఒకటి వినిపిస్తోంది. నాలుగు ఊళ్ల గింజలు కలిపినది కాకుండా, ఒకే సీమలోనో, ఒకే కొండమీదనో, ఇంకా గట్టిగా మాట్లాడితే ఒకే తోటలోనో పండిన గింజలను విడిగా వేయించి, ఆ ఊరి పేరుతోనే అమ్ముతున్నారు. ధర మామూలు పొడికి రెండింతలు, ఒక్కొక్కచోట మూడింతలు. అమ్మకు దినానికి ఒక్క కప్పే గనుక లెక్క చూస్తే నెల ఖర్చు పెరగదని నాకు నేనే సర్ది చెప్పుకుని ఒక అంగడికి పోయాను. పేరు చెప్పను. పొట్లంమీద కొండ బొమ్మ, మబ్బు బొమ్మ, "ఒకే ఎస్టేటు, చికోరీ లేదు" అని బంగారు అక్షరాలు. పావు కిలో తెచ్చాను. అమ్మ ఒక్క గుక్క తాగి కప్పు కింద పెట్టి, "దీంట్లో వేరు ఉందిరా" అంది.

నమ్మలేక పరీక్ష చేశాను. మీరూ చేయవచ్చు. గాజుగ్లాసులో చన్నీళ్లు పోసి, చిటికెడు పొడి మెల్లగా పైన చల్లండి. కాఫీ పొడిలో నూనె ఉంటుంది గనుక చాలాసేపు తేలుతుంది. చికోరీ చప్పున మునిగి, దిగుతూ దిగుతూ నీళ్లలో గోధుమరంగు తీగలు లాగుతుంది. నా గ్లాసులో తీగలు కాదు, మర్రి ఊడలే దిగాయి.

చికోరీని నేను తిట్టను. అది విషం కాదు. ఒక మొక్క వేరు, వేయించి పొడి కొడతారు. గుజరాతులో బాగా పండిస్తారు. డికాషను చిక్కబడుతుంది, రంగు వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. నూటికి 49 పాళ్లవరకూ కలపవచ్చునని మన చట్టమే ఒప్పుకుంటుంది. కాని ఎంత కలిపారో పొట్లంమీద వేయాలి. నా తగవు వేరుతో కాదు, బంగారు అక్షరాలతో. పొట్లం తీసుకుపోయి అడిగితే అంగడాయన ఏమాత్రం తొణక్కుండా, ఇప్పటి జనానికి చికోరీ లేకపోతే కాఫీ అనిపించదు సార్, అని కన్నడంలో సెలవిచ్చి, డబ్బు వాపసు ఇవ్వకుండా అదే రకం పొట్లం మరొకటి చేతిలో పెట్టాడు. అది మా ఆఫీసు ప్యూనుకు ఇచ్చాను. చాలా బాగుందన్నాడు!

ఇక లాభంలేదని నా దారిన నేను పడ్డాను. మా ఆఫీసుకు చిక్కమగళూరు, హాసన్ వైపునుంచి సరుకు తెచ్చే డ్రైవరొకాయన ఉన్నాడు. కాఫీ క్యూరింగు కార్ఖానాలకు ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్నాడు. తోటలోనుంచి పైపొరతో వచ్చిన గింజను పొట్టు ఒలిచి, జల్లెడపట్టి, పెద్దవీ చిన్నవీ వేరుచేసి బస్తాలకెత్తేది ఆ కార్ఖానాలలోనే. ఆయనను కూర్చోబెట్టి నాలుగు శనివారాలు చెప్పించుకున్నాను. కాఫీ బోర్డువారి పుస్తకాలు కూడా సంపాదించి తిరగేశాను. మెట్రిక్ చదువుకు అర్థమైనంతవరకు చెబుతాను.

ఊరి సంగతికన్నా ముందు జాతి సంగతి. కాఫీలో మనకు రెండు జాతులు, అరబికా, రోబస్టా. మన దేశపు పంటలో పదింట ఏడుపాళ్లు రోబస్టాయే. అది కిందిభూముల్లో కూడా బతుకుతుంది, తెగుళ్లను తట్టుకుంటుంది, డికాషను బలంగా దిగుతుంది, నురగ నిలుస్తుంది. చేదు ఎక్కువ. అరబికా సుకుమారి. చల్లదనం కావాలి, ఎత్తు కావాలి, ఆకుకు తుప్పు తెగులు, కాండానికి తొలుచు పురుగు. రుచికీ వాసనకూ పేరు మాత్రం దానిదే. నన్ను నిద్రపోనీయని లెక్క ఏమిటంటే, గుండె దడకు సంబంధించిన కెఫీన్ అనే పదార్థం అరబికా గింజలో నూటికి ఇంచుమించు ఒకటింబావు పాలు ఉంటే రోబస్టాలో రెండుకు పైన ఉంటుంది. డాక్టరుగారు ఒక్క కప్పు అన్నారు గాని ఏ జాతి కప్పో చెప్పలేదు. ఇంట్లో ఇంతకాలం తాగినది ఎక్కువ పాలు రోబస్టా. మరుసటి తడవ పోయినప్పుడు అడిగితే ఆయన నవ్వి, అరబికా అయితే మంచిదే, అయినా ఒక్కటే, అన్నారు. "అయినా" అన్న మాట దగ్గర అమ్మ కిటికీవైపు చూసింది.

ఇప్పుడు కొండ. వెయ్యి అడుగులు ఎక్కితే వేడి ఇంచుమించు రెండు డిగ్రీలు తగ్గుతుంది. చల్లటిచోట కాయ నిదానంగా పండుతుంది. నిదానంగా పండిన కాయలో గింజ గట్టిపడుతుంది. తీపీ పులుపూ ఇచ్చే పదార్థాలు దానిలో చేరడానికి వ్యవధి దొరుకుతుంది. ప్రెషరు కుక్కరులో మూడు కూతలకు ఉడికిన కందిపప్పుకూ, కుంపటిమీద గంటసేపు ఉడికిన పప్పుకూ ఉన్న తేడా మన ఇళ్లలో ఎవరికి తెలియదు? అటువంటిదే ఇదీ. అందుకే బాబాబుడన్‌గిరి కాఫీకి అంత పేరు. కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తయిన ముళ్లయ్యనగిరి, 1930 మీటర్లది, ఆ పంక్తిలోనే ఉంది. దాని చుట్టూ తోటలు మూడున్నర వేల అడుగులు మొదలుకొని పైపైకి ఎక్కి ఉంటాయి. బాబా బుడన్ అనే ఫకీరు 17వ శతాబ్దంలో అరబ్బు దేశంనుంచి ఏడు గింజలు రహస్యంగా తెచ్చి అక్కడ నాటాడని చెప్పుకుంటారు. ఏడు గింజలే ఎందుకో గాని, ఎనిమిది అన్నవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

కొండతోబాటు వాన. మార్చి, ఏప్రిలు నెలల్లో ఒక మంచి జల్లు పడితే వారం పది రోజులకల్లా తోటంతా ఒక్కసారిగా తెల్లబడుతుంది. మల్లెల వంటి వాసన. నాలుగు దినాలలో రాలిపోతుంది. ఆ జల్లు తప్పితే ఆ ఏటి పంట తప్పినట్లే. పూచినది మొదలు అరబికా కాయ పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, రోబస్టాకు మరి రెండు నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఆ కొండమీద పడిన ఎండా వానా మంచూ అన్నీ గింజలో ఖాతాకెక్కుతాయి. అందుచేత ఒకే తోటలో కూడా ఒక ఏటి రుచి మరొక ఏటికి ఉండదు. మా డ్రైవరు మాత్రం అంతా నేల మహిమే అంటాడు. నేలకు పాలు లేదనను. కాని ఎత్తూ, నీడా, మొక్క రకమూ ముందు, ఆ తరువాతే నేల. ఇంకొక మాట కూడా అంగళ్లవాళ్లు చెబుతారు. కొడగులో కాఫీ చెట్ల మధ్య నారింజ చెట్లు ఉన్నాయి గనుక కాఫీకి నారింజ వాసన అంటుతుందనీ, సిల్వరోకు చెట్లకు మిరియాల తీగలు పాకించారు గనుక ఘాటు వస్తుందనీ. గుమాస్తా బుర్రకు ఇది ఎక్కదు. మల్లెపందిరి కింద కట్టేసిన గేదె పాలు మల్లెవాసన వేస్తాయా? నీడ వల్ల మేలు జరిగే మాట నిజమే. అది చల్లదనం వల్ల, రాలిన ఆకుల వల్ల.

మొక్క రకం సంగతి కూడా తమాషాగానే ఉంటుంది. చిక్కమగళూరు జిల్లాలోనే బాళెహొన్నూరులో కాఫీ పరిశోధనాలయం ఉంది. 1925లో మొదలైంది. అక్కడ పుట్టిన ఎస్ 795 అనే రకం 1940లలో తోటలకు వచ్చి, మన అరబికా తోటల్లో చాలావాటిలో ఇప్పటికీ అదే నిలిచి ఉంది. కనుక ఫలానా కొండ రుచి అని మనం మురుసుకునేదానిలో కొంతభాగం ఆ పరిశోధనాలయం పుణ్యం.

అన్నిటికన్నా పెద్ద తేడా మాత్రం కాయ కోసిన నాటి సాయంకాలం జరిగే పనిలో ఉంది. పండిన కాయ పైతోలు ఆనాడే మిషనులో ఒలిచి, జిగురు వదిలేదాకా తొట్టిలో ఒక పగలూ రాత్రీ ఊరనిచ్చి, కడిగి ఎండబెడితే అది ప్లాంటేషను కాఫీ. రుచి తేటగా, కాస్త పులుపుదీరి ఉంటుంది. అలాకాక కాయను కాయగానే కళ్లంలో ఎండబోసి తరువాత దంచితే అది చెర్రీ. రుచి మందంగా, బరువుగా, ఒక్కొక్కసారి పండు వాసనతో ఉంటుంది. ఒకే చెట్టు కాయలు సగం ఇలా, సగం అలా చేస్తే అక్కాచెల్లెళ్లుగా కూడా గుర్తుపట్టలేరు. మంగళూరు తీరంలో ఇంకొక విధం ఉంది. పూర్వం తెరచాప ఓడల్లో నెలల తరబడి పోయే కాఫీకి సముద్రపు తేమ తగిలి గింజ ఉబ్బి తెల్లబడేదట. దొరలు ఆ రుచికి అలవాటుపడ్డారు. ఆవిరి ఓడలొచ్చి ప్రయాణం తగ్గేసరికి ఆ రుచి పోయి గోల పెట్టారు. దానితో వానాకాలంలో గోడౌను తలుపులు తెరిచి, గింజలు పరిచి, నైరుతి గాలికి కావాలని తడిపే పద్ధతి వచ్చింది. మాన్‌సూన్డ్ మలబారు అంటారు. మా ఆఫీసులో బస్తా తడిస్తే జరిమానా, అక్కడ తడిస్తే బహుమానం!

ఇంత తేడా ఉన్నప్పుడు మన పెద్దలు ఏ కొండ కాఫీ అని ఎందుకు అడగలేదు? అడిగినా దొరికేది కాదు గనుక. 1942లో వచ్చిన కాఫీ చట్టం ప్రకారం తోటవాళ్లు పంటంతా కాఫీ బోర్డుకు అప్పగించాలి. బోర్డు దాన్ని రకాలవారీగా ఒక రాశిలో చేర్చి వేలం వేసి, తోటవాళ్లకు వంతులవారీగా డబ్బు ఇచ్చేది. దాన్ని పూల్ అనేవారు. చిన్నరైతుకు గిట్టుబాటు ధర దొరికిందన్న మాట నిజమే. కాని ఏ తోట గింజ ఏ తోటదో ఆ రాశిలో కలిసిపోయేది. శ్రద్ధగా పండు ఏరి కోసినవాడూ, పచ్చీ పండూ కలిపి దులిపినవాడూ ఒకే పేరుతో బజారుకు వచ్చేవారు. 1992నుంచి ఈ కట్టు మెల్లగా సడలించి 1996లో పూర్తిగా ఎత్తేశారు. ఎవరి కాఫీ వాళ్లు తమ పేరుతో అమ్ముకోవడం ఆ తరువాతి మాట. 2019లో కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి, అరకు లోయ అరబికాలకూ, వయనాడు రోబస్టాకూ ఊరిపేరు హక్కు చట్టప్రకారం దక్కింది.

ఈ పూల్ సంగతి చెబుతుంటే అమ్మ పకపకా నవ్వింది. చిన్నప్పుడు వాళ్ల నాయన ఇంటికి వచ్చి, పంటంతా పూలుకు పోయింది అనేవాడట. తోటలో తెల్లపూలు ఉంటాయి గదా, పంట మళ్లీ పూలలోకి పోతుంది కాబోలు అనుకునేదట పాపం. పదేళ్లు వచ్చేదాకా అదే నమ్మకం.

ఇక పరీక్ష. డ్రైవరు సహాయంతోనూ, తెలిసినవాళ్ల ద్వారానూ నాలుగు రకాల పచ్చిగింజలు అరకిలో చొప్పున తెప్పించాను. మా వీధిలో వేయించి పొడి కొట్టే ముసలాయన చేత నాలుగూ ఒకే పదునుకు వేయించాను. ఇది ముఖ్యం. నల్లగా మాడ్చితే ఏ కొండ అయినా బొగ్గు కొండే. నాలుగు డబ్బాల అడుగున కాగితం అంటించి 1, 2, 3, 4 అని వేసుకున్నాను. ఏది ఏదో లెక్కపుస్తకంలో రాసి తాళం వేశాను. మా ఆవిడ, "అత్తమ్మకు కాఫీ ఇస్తున్నారా, టెండరు తెరుస్తున్నారా?" అని దెప్పింది. రోజుకు ఒక్క కప్పే గనుక డబ్బాకు వారం చొప్పున నెలరోజులు పట్టింది.

మొదటి సంగతి ఒప్పుకుంటాను. మామూలుగా పాలూ చక్కెరా పోసి ఇచ్చినప్పుడు ఒకటో డబ్బాకూ మూడో డబ్బాకూ అమ్మ తేడా చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను. ఒకటి బాబాబుడన్‌గిరి ప్లాంటేషను, మూడు మన అరకు. ఎక్కడి పశ్చిమ కనుమలు, ఎక్కడి తూర్పు కనుమలు! పాలు అన్నిటినీ కలిపేశాయి. డబ్బు పోసి కొండ పేరు కొని, దానిమీద ముప్పావు వంతు పాలు పోసేవాళ్లం మనం. ఈ ముక్క ఏ అంగడిలోనూ చెప్పరు. పాలు తగ్గించి డికాషను పలుచగా, నల్లగా ఇచ్చిన తరువాతనే విడివిడిగా తెలిశాయి.

రెండో డబ్బా కొడగు రోబస్టా. పోలిక కోసమని తెచ్చానే గాని తాగించాలని కాదు. ఆ వారం ఆవిడకు పావు కప్పే ఇచ్చాను. "ఇది రైల్వేస్టేషను కాఫీరా, నిద్రపట్టకుండా చేసేది," అని వెంటనే గుర్తుపట్టింది. ఒకటో నెంబరు నల్లగా ఇస్తే మొహం చిట్లించి, "వాసన బాగుంది. పులిసినట్లుందే?" అంది. ఆ పులుపునే రుచి చూసే నిపుణులు మెచ్చుకుంటారమ్మా అంటే, "వాళ్లకు అజీర్తి లేదు కాబోలు" అంది. నాలుగు రోజులు పోయాక తనంతటతానే మళ్లీ అడిగి, రెండో గుక్కలో చాక్లెట్టు బిళ్ల తిన్నట్లుందని కూడా ఒప్పుకుంది. "ఇది దొరల కాఫీరా. మాకు ఇది ఏనాడూ నోట పడలేదు. బస్తాలకెత్తడం చూశాం, అంతే."

మూడో నెంబరు అరకు. నల్లగా తాగితే పులుపు తక్కువ, తీపి కాస్త ఎక్కువ అని మా ఇంటిల్లిపాదీ తీర్మానం. ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో మూడువేల అడుగుల ఎత్తున గిరిజన కుటుంబాలు చిన్నచిన్న చెక్కలలో పండిస్తున్నవి ఇవి. బాగా పండిన కాయలే ఏరి, ఒకచోట చేర్చి కడగడం మొదలయ్యాక దాని పేరు మరీ పెరిగింది. 2017లో పారిస్ నగరంలో ఆ పేరుతోనే అంగడి పెట్టారు. పక్కనే కోరాపుట్టు కొండల్లోనూ కాఫీ పండుతుంది. ఒడిశాలోని మన పాఠకులెవరైనా అరకిలో పంపితే అయిదో డబ్బా సిద్ధంగా ఉంచుతాను, డబ్బు పంపుకుంటాను. సంఘం మీటింగులో ఈ పరీక్ష కబురు చెబితే ఒక పెద్దమనిషి లేచి, తెలుగువాడివై ఉండి అరకును మొదట పెట్టవా అని కోప్పడ్డారు. స్వామీ, నాలుక తెలుగు మాట్లాడితే మాట్లాడనీయండి గాని రుచి చెప్పేటప్పుడు పక్షపాతం నేర్పకండి. అరకు బాగుంది. మాకు నెలకు ఒక పావుకిలో ఇప్పుడు అదే వస్తోంది. ఇంటికొచ్చినవాళ్లకు అదే పోస్తున్నాం.

నాలుగో డబ్బా గురించి నాకు ఏమాత్రం ఆశ లేదు. డ్రైవరు, ఇదీ తీసుకుపోండి, పైసలు వద్దు, అని బలవంతంగా ఇచ్చినది. మూడిగెరె వైపు ఒక చిన్నతోట అరబికా చెర్రీ. తొట్టిలో పోసినప్పుడు మంచికాయ మునుగుతుంది, తాలు కాయ తేలుతుంది. ఆ తేలినవీ, రాలినవీ, చివరి కోతవీ కలిపి కళ్లంలో ఎండబోసినవి. గింజలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న, కొన్ని విరిగినవి. కొనేవాడు పళ్లెంలో చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఆ వారం మొదటి రోజున చక్కెర అయిపోయి మా ఆవిడ బెల్లం వేసి, పాలు లేకుండానే ఇచ్చింది.

అమ్మ ఒక గుక్క తాగి కప్పు పట్టుకుని అలాగే కూర్చుంది. దడ వచ్చిందేమోనని నేను కంగారుపడి చెయ్యి పట్టుకున్నాను.

"ఏం లేదురా. ఇది మా లైను ఇంటి కాఫీ," అంది.

తరువాత మెల్లగా చెప్పింది. మంచిగింజంతా పూలుకు పోయేది. రైటరుకైనా కూలీకైనా మిగిలేది ఈ తేలుకాయే. వాళ్లమ్మ దాన్ని ఇనుప పెనంమీద కట్టెల పొయ్యిలో వేయించి, రోట్లో దంచి, గుడ్డలో వడగట్టి, బెల్లం వేసి పోసేది. పాలు పసిపిల్లలకే. జూన్‌లో వాన పట్టిందంటే సెప్టెంబరుదాకా వదలని చోటు. చెక్‌రోలు తడవకుండా చొక్కాలో పెట్టుకుని మా తాత వస్తే, మొదటి గ్లాసు ఆయనకు, రెండోది కొట్టం దగ్గర నిలబడిన మేస్త్రీకి, చివరి గుక్క తనకు. ఆ తాత నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన కాఫీ తాగేవాడన్న సంగతి కూడా నేను ఆనాడే వినడం.

నేను నెలరోజులు లెక్కలు వేసి వెదికినది మంచి కాఫీ. ఆవిడ ఇరవై ఏళ్లుగా బురద అని ఊరుకున్నది ఇది లేకనట. మంచిదీ ఇదీ ఒకటి కాదని నా పుస్తకంలో ఏ కాలంలోనూ రాసుకోలేదు.

కొనదలచినవారికి నాకు తెలిసినంత చెబుతాను. పొట్లంమీద "పశ్చిమ కనుమల కాఫీ" అని ఉంటే దానికి అర్థం లేదు. ఆ కనుమలు 1600 కిలోమీటర్ల పొడవు. మా ఆఫీసులో సరుకు ఎక్కడినుంచి అన్న గడిలో "దక్షిణదేశం" అని రాస్తే చెక్‌పోస్టులో బండి ఆపేస్తారు. ఏ జిల్లా, ఏ కొండ, అరబికానా రోబస్టానా, కడిగినదా ఎండబెట్టినదా, ఏ తేదీన వేయించారు అని అడగండి. చెప్పగలిగినవాడి దగ్గర కొనండి. గింజలుగా తెచ్చుకుని కావలసినప్పుడు పొడి చేసుకుంటే మేలు. పొడి కొట్టిన కాఫీ వాసన వారం తిరిగేసరికి డబ్బాలోనుంచి వంటింట్లోకి పోతుంది. ఇంట్లో దడ ఉన్నవాళ్లుంటే డాక్టరునడిగి ఎన్ని కప్పులో తేల్చుకోండి. ఏ కొండదైనా కాఫీ కాఫీయే.

నాలుగో డబ్బా కార్తీకమాసానికి అయిపోయింది. ఇటువంటిది ఇంకొక కిలో కావాలని డ్రైవరునడిగితే, అంగడిలో దొరకదు సార్, పేరే లేదు దానికి, కోతలు ముగిశాక చూద్దాం, అన్నాడు. సంక్రాంతి దాటాక తెచ్చాడు. అమ్మ పొద్దున ఆరింటికి సగం కప్పు తాగి, మిగతా సగంమీద మూత పెట్టి వంటింటి గట్టుమీద ఉంచుతోంది. మూడింటికి ఆ చల్లారినది తీసుకుని వరండాలో కూర్చుంటుంది. చల్లటిది ఎందుకమ్మా, వెచ్చబెట్టి ఇస్తాను అంటే, వెచ్చబెడితే వాసన పోతుందంటుంది. ఇది రెండో కప్పు కిందికి వస్తుందేమోనని మొన్న డాక్టరుగారి దగ్గర నేనే బయటపెట్టాను. ఆయన ఏదో అనబోయే లోపలే అమ్మ అందుకుంది.

"కప్పు ఒకటే గదయ్యా. కావాలంటే మావాడు లెక్క రాసిపెట్టినాడు, చూసుకోండి."